నలుపు మీద నలుపు

నల్లబట్ట మీద నల్లదారం.
ఫర్వానియాలో పందొమ్మిదేళ్లుగా ఇదే నా సేద్యం.
అబాయా అంచుకు తీగ అల్లుతాను,
ఆకు, మొగ్గ, మళ్లీ ఆకు,
పక్కన నిలబడ్డవాళ్లకైనా కనబడకుండా పూసే పూలు.
మెరుపును బట్టి, వేలి కింద గరుకును బట్టి
పోల్చుకోవాల్సిందే,
రంగును నమ్ముకుంటే కుదరదు ఈ పనిలో.

పోయినేడు దారాన్ని తిట్టడం మొదలుపెట్టాను,
మరీ సన్నం చేసేస్తున్నారని.
తర్వాత ట్యూబులైటును.
తర్వాత బయట లేచిన దుమ్ముగాలిని.
సూది బెజ్జాలు చిన్నవైపోయాయని
కంపెనీ మీద కూడా అనుమానం.

అద్దాలు లేవా అంటే, ఉన్నాయి.
ఆరేళ్ల కింద శుక్రవారం సంతలో
దినారుకు రెండు జతలు.
పెట్టుకుంటే అరచేతి గీతలు కనబడ్డాయి, కొనేశాను.
రెండో జత రాయచోటికి పంపాను, మా నూర్జానుకు,
బియ్యంలో రాళ్లేరుకోడానికి.
ఆమె కళ్లూ నా కళ్లూ ఒకటే అనుకున్నాను.

ఫోను దూరంగా పట్టి, ఇంకాస్త దూరంగా పట్టి
కూతురి మెసేజ్ కూడబలుక్కుంటుంటే
సోహాగ్ నవ్వాడు:
"ఉస్తాద్, నీకు ఇంగో మూర చెయ్యి అతికించి కుట్టాల."
సిల్హెట్ పిల్లవాడు. వచ్చి రెండేళ్లు.
సూదికి దారమెక్కించమని రోజుకు ఇరవైసార్లడిగినా
విసుక్కోడు.

వాడే లాక్కుపోయాడు, రంజాన్ రద్దీకి ముందు,
జమియా పక్కన కళ్లద్దాల కొట్టుకు.
కోజికోడ్ ఆయన. ప్లాస్టిక్ దోనెలో గడ్డం ఆనించమన్నాడు.
లోపల యాడో దూరంగా ఒక రోడ్డు,
రోడ్డు చివర రంగుల గాలిబుడగ.
మసకబారింది, తేటపడింది, మళ్లీ మసకబారింది,
నా తరఫున ఎవరో వెతుకుతున్నట్టు.

గోడ మీద అక్షరాలు. ఇంగ్లీషు రాదన్నాను.
మూడుకాళ్ల గుర్తు పెట్టాడు,
కాళ్లు ఏ వైపో వేలితో చూపు చాలు.
పైకి. కిందికి. కుడికి.
అయిదో వరసలో కాళ్లన్నీ
దువ్వెన పళ్లలా కలిసిపోయాయి.
ఏదో ఒకటి చెప్పబోయాను.
"ఊహించొద్దు లాలప్పా, తెలీకపోతే తెలీదను."
ఈ దేశంలో ఎవరూ నాకు చెప్పని మాట.

గాజుబిళ్లలు మారుస్తూ అడిగాడు, ఇది బాగుందా, ఇదా?
ఎప్పుడూ టేపు పట్టుకునేది నేను.
కొలిచే చేతుల కింద కదలకుండా కూర్చోవడం
ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.
కుడికంటికొక నంబరు, ఎడమకంటికొక నంబరు.
నలభయ్యారేళ్లు ఒకే ముక్కుకు అటూ ఇటూ ఉండి
ఇంత తేడా!

నాలుగోనాడు అద్దాలొచ్చాయి.
మొదట సూది బెజ్జం చూశాను, వాకిలంత ఉంది.
తర్వాత, బొమ్మకు తొడిగిన అబాయా,
మొన్న నేను ముగించిందే.
ఆకు బాగుంది. మొగ్గ బాగుంది.
దగ్గరకు పోతే
తీగ వెంబడి సన్నని బెజ్జాల వరస,
విప్పేసిన కుట్టు ఆనవాలు.
ఇంకోటి తీశాను. ఇంకోటి.
నా తీగ దారి తప్పిన చోటల్లా
ఎవరో విప్పి,
నా చేతివాటంలోనే
మళ్లీ కుట్టారు.

సోహాగ్ ఇస్త్రీపెట్టె మీద వంగి ఉన్నాడు,
ఇస్త్రీ అయిన గుడ్డనే మళ్లీ తోముతూ.
అర్ధరాత్రి దాకా లైటేమిటని
మూడుసార్లు అరిచాను వాడి మీద.

ఏమనాలో తెలీలేదు.
సూదికి నేనే దారమెక్కించి
వాడి చేతికిచ్చాను.

కొట్టాయన ఇచ్చిన చీటీలో వచ్చే ఏడాది తేదీ ఉంది.
అకామా కవర్లోనే పెట్టాను,
ఆ గడువు నేను మర్చిపోయినా అది నన్ను మర్చిపోదు.
రెండూ ఏడాదికొకసారి.

ఆ రాత్రి నూర్జానుకు ఫోన్ చేశాను.
ఆ దినారు అద్దాలు తీసెయ్,
నీ కళ్లు నువ్వే పోయి చూపించుకో అన్నాను.
"అవా? తొలినాడే పెట్టెలో పెట్టేసినా,
తల తిరిగింది."
మరి ఈ ఆరేళ్లూ రాళ్లెట్లా ఏరినావు?

కాసేపు ఏం పలకలేదు.
"వేళ్లతో" అంది.